అయిదవ చక్రము

కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి కోవెల యెదుట క్రొత్త వాహనములకు పూజ చేయించుట ఈ ప్రాంతమున పరిపాటి. నిమ్మకాయలు త్రొక్కించి, కొబ్బరికాయ కొట్టించి, పసుపు కుంకుమలతో మరలిపోవు బండ్ల నడుమ అప్పుడప్పుడు, ముందు క్యాబిను మాత్రము నిండుగ నుండి, వెనుక రెండు ఉక్కు దూలములును, వానిపై గ్రీజు పూసిన ఒక నల్లని పలకయును దప్ప మరేమియు లేని బండి యొకటి కానవచ్చును. బాడీ కట్టింపక మునుపే తెచ్చినారు కాబోలునని తెలియనివారు అనుకొందురు. నిజమునకు దానికి కట్టవలసిన బాడీ యేమియు లేదు. నలుబది, ఏబది టన్నుల ట్రైలరును వెంటగొని ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రహదారి పట్టవలసిన బండి యది. ఆ నల్లని పలకకు ఫిఫ్త్ వీల్ అని పేరు. మెకానిక్కులు టర్న్‌టేబుల్ అనియు అందురు.

దాని పుట్టుక మోటారుకంటె పూర్వపుది. నాలుగు చక్రముల గుఱ్ఱపు బండి మలుపు తిరుగవలెనన్న ముందరి ఇరుసు బండి పెట్టె క్రింద అటునిటు కదలవలెను గదా. ఆ రెంటి నడుమ రాపిడిని ఓర్చుకొనుటకై పడమటి దేశపు కమ్మరులు ఒక ఇనుప వలయమును నేలకు సమాంతరముగ అమర్చిరి. నేలమీద నాలుగు చక్రములుండగా ఇది అయిదవదైనది. 1914లో డెట్రాయిట్ నగరమున ఫ్రెడరిక్ సిబ్లీ అను కలప వర్తకుడు, తన పడవను సరస్సునకు చేర్చుటకై ఫోర్డు మోడల్-టి కారునకు తగిలించు బండి నొకదానిని చేసిపెట్టుమని ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరిని కోరెను. పడవ క్షేమముగ చేరుటతో, వర్తకుడు తన కలపకును అట్టి బండ్లనే చేయించుకొనెను. ఫ్రూహాఫ్ దానికి సెమీ-ట్రైలర్ అని పేరిడెను. మరుసటి యేడు చార్లెస్ మార్టిన్ అను నాతడు ముందువెనుకలకు ఊగగల ఫిఫ్త్ వీలును విపణికి తెచ్చెను. ఇంగ్లండులో 1930ల దశకమున స్కామెల్ కంపెనీ వారి మూడు చక్రముల యాంత్రికాశ్వము రైల్వే సరకుల బండ్లు లాగు గుఱ్ఱములకు విశ్రాంతి నొసగెను. వీరందరిలో నాకు ముచ్చట గొలుపువాడు విమాన నిర్మాత గ్లెన్ కర్టిస్: తన ఏరోకార్ అను విహారశకటమును కారునకు కలుపుటకై ఆయన విమానపు చక్రమునే అడ్డముగ పరుండబెట్టినాడు!

మార్టిన్ చేర్చిన ఊపు స్వల్పవిషయము కాదు. కల్వర్టు మిట్టనెక్కునపుడు లాగు బండి ముక్కు పైకి లేచును, ట్రైలరు ఇంకను చదునుననే యుండును. పలక ఊగకున్న ఆ వంపు భారమంతయు చట్రము మీదనే పడును. పలకకు వెనుకవైపు విచ్చుకొన్న నోరుండును. డ్రైవరు రివర్సులో వచ్చి ట్రైలరు అడుగున వ్రేలాడు కింగ్‌పిన్ను ఆ నోటిలోనికి పోనిచ్చినంతనే, లోపలి ఉక్కు దవడలు దాని మెడను బిగించి పట్టుకొనును. సామాన్యముగ ఆ పిన్ను రెండంగుళముల లావే. మహాభారములకు మాత్రము మూడున్నర అంగుళములది వాడుదురు. అంతటి చిన్న కడ్డీ మీద అంత బరువును నమ్ముకొనవలసి యుండుటచేతనే, అనుభవజ్ఞుడైన డ్రైవరు ట్రైలరు బ్రేకులు పట్టించి బండిని మెల్లగ ముందునకు గుంజి చూచును. అంతటితో తృప్తి చెందక దిగి, టార్చిలైటుతో దవడలు మూసికొన్నవా, పలకల నడుమ సందు కనబడుచున్నదా యని వంగి పరిశీలించును. గ్రీజు విషయమున ఒక వృద్ధ మెకానిక్కు నాకు చెప్పిన మాట యిది: "ఎండితే వేరే ఎవలు చెప్పనక్కర్లేదు సార్, స్టీరింగే చెప్తది." పలక ఎండినచో మలుపు తిరిగిన బండి మరల తిన్నబడుటకు మొరాయించుననుట ఆయన భావము.

ఇక బండి నెంచుకొనుట. కొనుగోలుదారులు మొట్టమొదట అశ్వశక్తి నడుగుదురు. షోరూమువారును దానినే చెప్పుదురు. టాటా వారి 4018 అనిన 40 టన్నులు, 180 అశ్వశక్తి. 5530 అనిన 55 టన్నులు, 300 అశ్వశక్తి. తలుపు మీది అంకెలు చూచి బండి నెంచుకొనవచ్చునని తోచుట సహజము. కాని అది చాలదు. కొక్కెమునకు తగిలించిన బండి తన బరువును చాలవరకు తన చక్రములమీదనే మోసికొనును; ఫిఫ్త్ వీలుతో కలిపిన ట్రైలరో, తన భారములో గణనీయభాగమును లాగు బండి వీపుమీద మోపును. కనుక అది ఎంత లాగగలదనుటకు ముందు ఎంత మోయగలదని విచారింపవలెను.

లెక్క కష్టము కాదు. 2018 జులైలో కేంద్రప్రభుత్వము ఇరుసుల పరిమితులను పెంచినది: రెండు టైర్ల ముందరి ఇరుసునకు 6 నుండి 7 టన్నులు, నాలుగు టైర్ల ఇరుసునకు 10.2 నుండి 11.5, జంట ఇరుసులకు 19 నుండి 21, ట్రైలరు మూడు ఇరుసులకు 24 నుండి 27. వెనుక ఒకే ఇరుసు గల బండి 7, 11.5, 27 కలిసి 45.5 టన్నుల కడ ఆగిపోవును. జంట ఇరుసులది 55కు చేరును. ఇంజనెంత గొప్పదైనను మొదటి బండి రెండవదాని బరువును న్యాయముగ ఎత్తజాలదు. పలకను అమర్చు చోటును ముఖ్యమే. వెనుక ఇరుసునకు సరిగా పైన నున్నచో ముందు చక్రములకు ట్రైలరు భారమేమియు అందదు, ఇరుసులు 3.6 మీటర్ల యెడమున నున్న బండికి పలకను 40 సెంటీమీటర్లు ముందునకు జరిపినచో, 12 టన్నులలో సుమారు 1.3 టన్నులు ముందునకు పోయి స్టీరింగు నేలను పట్టుకొనును. వెనుకకు జరిగినచో ముందుభాగము తేలిపోవును.

అశ్వశక్తి నిరర్థకమని నేననను. 55 టన్నుల బండి చదునున గంటకు 60 కిలోమీటర్లు పోవుటకు చక్రముల యొద్ద 115 అశ్వశక్తి యించుమించుగ చాలును. నూటికి ఆరు మీటర్లెక్కు ఘాటులో 20 కిలోమీటర్ల వేగమునకే 275 వలయును. కాని అదే ఘాటును అదే వేగమున దిగునపుడు దాదాపు 200 అశ్వశక్తిని బ్రేకులు వేడిగా మార్చి గాలిలో కలుపవలెనని ఎందరు తలచుదురు? డ్రమ్ములు కాలినచో బ్రేకు పట్టదు. విజయవాడ వరకు పోయివచ్చు బండికి ఈ చింత స్వల్పము. దోర్నాల మీదుగా నల్లమల దిగు బండికి ఎగ్జాస్టు బ్రేకు, తక్కువ గేరు, సరిగా పనిచేయు ట్రైలరు బ్రేకులు ప్రాణములతో సమానము. తడి రోడ్డుపై లాగు బండి వెనుక చక్రములు బిగిసి జారినచో ట్రైలరు దానిని నెట్టి చాకువలె మడచివేయును.

అమెరికాలో స్థిరపడిన మనవారు ఇంటి వంటి ట్రైలరును ఫిఫ్త్ వీలుతో పికప్పునకు కట్టి విహరింపదలచినను లెక్క యిదియే. ట్రైలరు బరువులో నూటికి ఇరువది, ఇరువదియైదు పాళ్ళు పికప్పు వీపున పడును. 7 టన్నులదైన 1.4 టన్నులకు తగ్గదు. దీనికి మనుషులను, సామానును కూడ చేర్చి, తలుపు చట్రమున అంటించిన చీటీలోని పరిమితితో పోల్చుకొనవలెను.

ఇచ్చట కొనదలచినవారికి నా మనవి యొక్కటే. అడ్వాన్సు చెల్లింపక ముందు ఖాళీ బండిని కాటా మీదికెక్కించి, ముందు వెనుక ఇరుసులను వేరువేరుగ తూయించి, ఆ తూకపు చీటీని చేత బట్టుకొని బేరమాడుడు.