నీళ్లలో కరిగే మందు మన వాడదాకా వస్తుందా?

సెంట్రింగ్ పనికి వెళ్లిన మన వాడ కుర్రాడు పై అంతస్తు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే ముందు మండల ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడ స్కానింగ్ ఉండదు కాబట్టి జిల్లా ఆసుపత్రికి రాస్తారు. అక్కడి నుంచి హైదరాబాద్‌కో, విశాఖకో పంపుతారు. గంటలన్నీ దారిలోనే అయిపోతాయి.

మెదడుకు నష్టం పెరిగేది ఆ గంటల్లోనే. దెబ్బ తగిలిన క్షణంలో కొన్ని కణాలు చనిపోతాయి. తర్వాత వచ్చే వాపు మరెన్నో కణాలను చంపుతుంది. ఈ రెండో నష్టాన్ని ఆపడానికి ఒక హార్మోన్ మీద జరిగిన పరిశోధనను మేము ఇక్కడ వివరిస్తున్నాం.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డొనాల్డ్ స్టెయిన్, మెదడు గాయమైన ఎలుకల్లో మగవాటికంటే ఆడవి బాగా కోలుకోవడం గమనించారు. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరోన్ హార్మోన్ మెదడు వాపును కూడా తగ్గిస్తుందని ప్రయోగాల్లో చూపారు. 100 మంది రోగులపై జరిగి 2007లో వెలువడిన పరీక్ష ఆశ కలిగించింది. కానీ 882 మందిపై ఒకటి, 1,195 మందిపై మరొకటి జరిగిన పెద్ద పరీక్షల్లో ప్రయోజనం కనిపించలేదని 2014లో తేలింది. మోతాదు, ఎన్ని రోజులు ఇవ్వాలన్నది సరిగా తేల్చకుండానే పెద్ద పరీక్షలకు వెళ్లారన్నది స్టెయిన్ వాదన.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రొజెస్టిరోన్ నీళ్లలో దాదాపు కరగదు. దాన్ని కొవ్వు ద్రావణంలో కలిపి నరానికి ఎక్కించాలి. అది ఆసుపత్రిలో జరిగే పని. అందుకే ఎమరీ రసాయన శాస్త్రవేత్తలు ఆ అణువును కొద్దిగా మార్చి, నీళ్లలో కరిగేలా ఫాస్ఫేట్ భాగాన్ని జోడించారు. ఒంట్లోకి వెళ్లాక ఆ భాగం ఊడిపోయి అసలు మందు మిగులుతుంది. ఈఐడీడీ-1723 అనే ఈ మందు ఎలుకల్లో మెదడు వాపు తగ్గించింది. మనుషుల్లోనూ పనిచేస్తుందని రుజువైతే, కండకు సూదిగా 108 వాహనంలోనే ఇవ్వొచ్చు.

అయితే పరీక్షలు ఎవరి మీద జరుగుతాయి? స్పృహలో లేని మనిషి సంతకం పెట్టలేడు. అమెరికాలో ఇలాంటి అత్యవసర పరీక్షకు ముందు ఆ ప్రాంత ప్రజలతో మాట్లాడాలి, వివరాలు బహిరంగంగా చెప్పాలి. మనకు ఖమ్మం అనుభవం ఉంది. 2009లో ఆదివాసీ బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలా అంగీకార పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ కార్యక్రమాన్ని తప్పుపట్టింది.

అందుకే రేపు ఇలాంటి మందు పరీక్ష మన దగ్గరికి వస్తే రెండు విషయాలు ముందే అడుగుదాం. మా తరఫున ఒప్పుకున్నది ఎవరు? మందు పనిచేస్తే మా మండలం 108లో దాన్ని ఉంచుతారా?