మన్యము - ప్రజలు, భాషలు

2022 ఏప్రిల్ 4వ తేదీన ఓబులదేవరచెరువు మండలము అనంతపురము జిల్లా నుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అదే దినమున పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది.

మన్యమునకు ప్రత్యేకపాలన క్రొత్తది కాదు. 1839లోనే ఆంగ్లప్రభుత్వము గంజాము, విశాఖపట్టణముల కొండసీమలను సామాన్యశాసనముల నుండి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా నియమించెను. 'ఏజెన్సీ' యను పేరు అట్లు వచ్చినదే. నేడు రాజ్యాంగములోని ఐదవ షెడ్యూలు గిరిజనులకు రక్ష. 1970 నాటి సవరణ ననుసరించి అచటి భూమిని గిరిజనేతరులకు అమ్మరాదు.

అచటి కోయ, కువి భాషలు తెలుగునకు సోదరభాషలు. గదబలలో కొందరి గుతోబ్ భాష ముండా కుటుంబమునకు చెందినది. భూమిని చట్టము కాపాడును. భాషను కాపాడవలసినది బిడ్డలతో దానిని పలుకు తల్లిదండ్రులే.