వల వదిలి... కప్పు పట్టాడు!

జట్టులో మొదటి ఫ్లైహాఫ్‌కి గాయం. రెండోవాడికీ గాయమే. మూడోవాడు ప్రపంచకప్ ఫైనల్ మధ్యలో కుంటుకుంటూ మైదానం వదిలాడు. ఇక మిగిలింది ఒక్కడే. రెండు వారాల కిందట అతను అసలు జట్టులోనే లేడు. నదిలో చేపలు పట్టుకుంటున్నాడు!

మనకు క్రికెట్ ఎలాగో న్యూజిలాండ్ వాళ్లకు రగ్బీ అలాగ. నల్ల దుస్తుల్లో దిగే వాళ్ల జట్టు పేరు ఆల్‌బ్లాక్స్. జట్టుకి పదిహేనుమంది, ఆట ఎనభై నిమిషాలు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని పట్టుకుని అవతలి గీత దాటించి నేలకి ఆనిస్తే అయిదు పాయింట్లు. దాన్ని ‘ట్రై’ అంటారు. పెనాల్టీ వచ్చినప్పుడు బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తంతే మూడు. ఇందులో పదో నంబరు చొక్కా వేసుకునే ఫ్లైహాఫ్‌దే కీలకపాత్ర. బంతిని ఎటు పంపాలో, ఎప్పుడు తన్నాలో నిర్ణయించేది ఎక్కువగా అతనే. అలాంటివాడు దెబ్బతింటే జట్టు దారి తప్పినట్టే.

ఇరవై నాలుగేళ్ల ఎదురుచూపు

1987లో మొట్టమొదటి ప్రపంచకప్‌ను సొంతగడ్డ మీద గెలిచింది న్యూజిలాండ్. ఆ తర్వాత ప్రతిసారీ ఫేవరెట్టే... ప్రతిసారీ నాకౌట్లో బోల్తానే. 2007లో మరీ దారుణం. ఫ్రాన్స్‌తో క్వార్టర్‌ఫైనల్లో స్టార్ ఫ్లైహాఫ్ డాన్ కార్టర్ గాయపడ్డాడు. అతని బదులు వచ్చిన నిక్ ఇవాన్స్‌కీ దెబ్బ తగిలింది. 18-20 తేడాతో ఓడి జట్టు ఇంటిముఖం పట్టింది. ఒక స్థానానికి ఇద్దరుంటే చాలదని ఆరోజే తెలిసింది.

2011లో కప్పు మళ్లీ న్యూజిలాండ్‌లోనే. కోచ్ కూడా 2007లో ఓడిన గ్రాహం హెన్రీయే. ఈసారీ గెలవకపోతే సొంత జనానికి ముఖం చూపించలేని పరిస్థితి. అప్పటి నిబంధనల ప్రకారం జట్టుకు 30 మంది. గాయంతో ఎవరైనా వెళ్లిపోతే కొత్తవాణ్ని పిలుచుకోవచ్చు. కానీ వెళ్లినవాడు మళ్లీ రావడానికి వీల్లేదు.

ఒకరి తర్వాత ఒకరు...

అక్టోబరు 1. మర్నాడు కెనడాతో మ్యాచ్. గోల్‌కి బంతులు తన్నడం సాధన చేస్తూ కార్టర్ కుప్పకూలాడు. గజ్జల దగ్గర కండరం దెబ్బతింది. దేశమంతా నీరుగారిపోయింది. అతని స్థానం కోలిన్ స్లేడ్‌కి దక్కింది. అక్టోబరు 9న అర్జెంటీనాతో క్వార్టర్‌ఫైనల్లో స్లేడ్‌కీ అదే తరహా గాయం! కార్టర్ బదులు జట్టులోకొచ్చిన కుర్రాడు ఆరన్ క్రూడెన్ మైదానంలోకి దిగాడు. అంతకు కొన్నేళ్ల ముందే క్యాన్సర్‌ని జయించినవాడతను. సెమీస్‌లో ఆస్ట్రేలియాను 20-6తో ఓడించడంలో తనవంతు సాయం చేశాడు.

మరి క్రూడెన్‌కి ఏమన్నా అయితే? హెన్రీకి గుర్తొచ్చిన పేరు స్టీఫెన్ డొనాల్డ్. అభిమానులకు ఆ పేరంటేనే మంట. 2010లో హాంకాంగ్‌లో ఆస్ట్రేలియాతో మ్యాచ్ చివరి నిమిషాల్లో అతను బంతిని గీత బయటికి పంపలేకపోయాడు. న్యూజిలాండ్ 24-26తో ఓడింది. ఓటమి నింద మొత్తం అతని నెత్తినే పడింది. ప్రపంచకప్ జట్టులో చోటు దక్కలేదు. ఇంగ్లండ్‌లోని బాత్ క్లబ్‌కి ఆడేందుకు ఒప్పందం చేసుకున్నాడు. ఈలోగా వైకాటో నదిలో ‘వైట్‌బెయిట్’ అనే చిట్టి చేపల వేటలో పడ్డాడు. కోచ్ ఫోన్ చేస్తుంటే ఎత్తనేలేదు. జట్టులోని మిత్రుడు కబురు చేస్తేగానీ సంగతి తెలియలేదు!

ఆ ఒక్క కిక్

అక్టోబరు 23. ఆక్లాండ్‌లోని ఈడెన్‌పార్క్. ఫ్రాన్స్‌తో ఫైనల్. ప్రాప్ ఫార్వర్డ్ టోనీ వుడ్‌కాక్ ట్రైతో న్యూజిలాండ్ 5-0 ఆధిక్యంలో ఉంది. గోల్‌కి తన్నాల్సిన పిరి వీపు మాత్రం పదేపదే గురి తప్పుతున్నాడు. మొదటి సగం ముగియకముందే క్రూడెన్ మోకాలు మెలికపడింది. డొనాల్డ్ మైదానంలోకి పరుగెత్తాడు. ఒంటికి చాలీచాలని చొక్కా... జనంలో గుబులు. రెండో సగం మొదలైన కాసేపటికే పెనాల్టీ దొరికింది. బంతి ముందు నిలబడ్డాడు డొనాల్డ్. తన్నాడు. స్తంభాల మధ్య నుంచి దూసుకెళ్లింది. 8-0!

కాసేపటికే ఫ్రాన్స్ ఏడు పాయింట్లు సాధించింది. ఆ తర్వాత అరగంటపాటు ఊపిరి బిగబట్టిన పోరు. చివరికి స్కోరు 8-7. ఆ మూడు పాయింట్లే లేకపోతే..? డొనాల్డ్ ఆ తర్వాత న్యూజిలాండ్ తరఫున మరో టెస్టు ఆడలేదు. కానీ అతని కథతో 2014లో ‘ది కిక్’ అనే టీవీ సినిమా వచ్చింది.

లెక్క తెలిసింది

2015 ప్రపంచకప్‌కి న్యూజిలాండ్ ముగ్గురు ఫ్లైహాఫ్‌లతో వెళ్లింది. ఈసారి కార్టర్ ఫైనల్ దాకా నిలిచాడు. ఆస్ట్రేలియాపై 19 పాయింట్లు సాధించి కప్పు అందించాడు. 2023లో ఇలాంటి కథే దక్షిణాఫ్రికాది. గాయం వల్ల మొదట ఎంపికకాని హాండ్రే పొలార్డ్‌ను, మరొకరు గాయపడితే మధ్యలో పిలిపించారు. ఫైనల్లో ఆ జట్టు 12-11తో న్యూజిలాండ్‌ను ఓడించింది. ఆ పన్నెండు పాయింట్లూ పొలార్డ్‌వే! అదే మ్యాచ్ ఆరంభంలోనే హుకర్ గాయపడితే, అసలు వేరే స్థానంలో ఆడే 37 ఏళ్ల డియాన్ ఫూరీ దాదాపు ఆటంతా ఆ భారం మోశాడు.

ఆస్ట్రేలియాలో జరిగే 2027 కప్పుకి జట్లు 24. నాకౌట్లోనూ ఒక దశ పెరుగుతోంది. అంటే కప్పు కావాలంటే మూడు కాదు, నాలుగు మ్యాచ్‌లు వరసగా గెలవాలి. ఒంటికి తగిలే దెబ్బలూ ఆమేరకు పెరుగుతాయి. అందుకే నాకౌట్ ముందు ఏ జట్టు బలమైనదో తేల్చాలంటే మైదానంలోకి దిగే పదిహేనుమందినే చూస్తే చాలదు. బెంచీ మీద చివర కూర్చున్నవాణ్నీ, ఇంట్లో ఫోన్ ఎత్తకుండా ఉన్నవాణ్నీ కూడా చూడాలి!