యూరప్ రైల్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? వీసా రాకముందే ఏది కొనాలి, ఏది కొనకూడదు.. బడ్జెట్ నుంచి బ్యాగ్ వరకు పూర్తి లెక్క ఇదే

వీపుకి ఒక బ్యాగ్, ఫోన్‌లో ఒక రైల్ పాస్.. పొద్దున ఒక దేశంలో టిఫిన్, రాత్రికి ఇంకో దేశంలో భోజనం. యూరప్ బ్యాక్‌ప్యాకింగ్ అనగానే చాలామంది కళ్ల ముందు కదిలే సీన్ ఇదే. టూర్ ప్యాకేజీ జోలికి పోకుండా సొంతంగా ప్లాన్ చేసుకునే కుర్రాళ్లు, ఫ్రెండ్స్ గ్యాంగ్‌లు, కొత్త జంటలు ముందుగా చేసే పని.. ఇంటర్నెట్‌లో వెతకడం. అక్కడ కనిపించే మొదటి సలహా కూడా దాదాపు ఒకటే. "టికెట్లు వీలైనంత ముందుగా బుక్ చేసుకోండి, చౌకగా వస్తాయి" అని.

సలహా కరెక్టే. కానీ అది అమెరికా లాంటి దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు. వాళ్లకు 90 రోజుల వరకు షెంజెన్ వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు వీసా తప్పనిసరి. నాన్ రిఫండబుల్ టికెట్లన్నీ కొనేశాక వీసా రిజెక్ట్ అయితే? ఆ డబ్బంతా గోవిందా. అందుకే మనవాళ్ల బడ్జెట్‌లో ఎంత ఖర్చవుతుందన్న దానితో పాటు, ఏది ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి అన్నది కూడా అంతే ముఖ్యం. ఆ వరుస ఏంటో వివరంగా చూద్దాం.

వీసాకు ముందు ఏం కొనాలి?

షెంజెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు. దీనికి తోడు వీసా సెంటర్ సర్వీస్ ఛార్జీ ఉంటుంది. వీసా రాకపోయినా ఈ ఫీజు వెనక్కి రాదు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది. ఒక్కోసారి 45 రోజుల దాకా పట్టొచ్చు. సమ్మర్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి ఆఖరి నిమిషం దాకా ఆగితే ఇబ్బందే.

ఈ దశలో ఖర్చు పెట్టాల్సినవి మూడే. ఒకటి వీసా ఫీజు. రెండోది కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. మూడోది ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న హాస్టల్ బుకింగ్‌లు. విమానం టికెట్ విషయంలో చాలా దేశాలు రిజర్వేషన్ చూపిస్తే చాలంటాయి. డబ్బు కట్టి టికెట్ కొనేయాల్సిన పని లేదు. ఇక పాస్‌పోర్ట్ పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి. యూరప్ నుంచి బయటకు వచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో అన్నిటికంటే ముందు చూసుకోవాలి.

ఏ దేశానికి అప్లై చేయాలి?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. విమానం దిగే దేశానికి అప్లై చేయాలనుకుంటారు. రూల్ ప్రకారం ఎక్కువ రోజులు ఉండే దేశానికి చేయాలి. రోజులు సమానమైతేనే ముందుగా అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది.

ఉదాహరణకు 14 రాత్రుల ట్రిప్ అనుకుందాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో 3, కొలోన్‌లో 2, మ్యూనిక్‌లో 3, సాల్జ్‌బర్గ్‌లో 1, వియన్నాలో 3, బుడాపెస్ట్‌లో 2 రాత్రులు. దేశాల వారీగా చూస్తే నెదర్లాండ్స్ 3, జర్మనీ 5, ఆస్ట్రియా 4, హంగరీ 2. అంటే విమానం ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగినా వీసా అప్లై చేయాల్సింది జర్మనీకి. ఒకే వీసాతో ఈ నాలుగు దేశాలూ తిరగొచ్చు. ప్రస్తుతం షెంజెన్‌లో 29 దేశాలున్నాయి.

ఈ రూట్‌లో ఇంకో లాభం కూడా ఉంది. వెళ్లేది ఆమ్‌స్టర్‌డామ్‌కి, తిరిగొచ్చేది బుడాపెస్ట్ నుంచి. వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని ఉండదు. ఒక రోజు, ఒక రైలు ఖర్చు మిగులుతాయి. విమానం టికెట్ వెతికేటప్పుడు మల్టీ సిటీ ఆప్షన్ పెట్టి చూడాలి.

పాస్ మంచిదా? విడి టికెట్లు మంచివా?

యూరప్ బయట ఉండేవాళ్ల కోసం ఉన్నది యూరేల్ గ్లోబల్ పాస్. 33 దేశాల్లో చెల్లుతుంది. ఒక నెలలో 4, 5 లేదా 7 రోజులు, రెండు నెలల్లో 10 లేదా 15 రోజులు ప్రయాణించేలా దొరుకుతుంది. రోజూ తిరిగేవాళ్లకు వరుస రోజుల పాస్‌లు కూడా ఉన్నాయి. 27 ఏళ్ల వరకు యూత్ పాస్.. దాదాపు పావు వంతు తగ్గుతుంది. 60 దాటినవాళ్లకు 10 శాతం తగ్గింపు. 4 నుంచి 11 ఏళ్ల పిల్లలకు పెద్దవాళ్లతో కలిసి వెళితే పాస్ ఉచితం.

పైన చెప్పిన రూట్‌లో ఐదు రైలు ప్రయాణాలున్నాయి. సెకండ్ క్లాస్ 5 రోజుల పాస్ పెద్దవాళ్లకు సుమారు 320 యూరోలు అనుకుంటే రోజుకు 64 యూరోలు పడినట్టు. కొలోన్ నుంచి మ్యూనిక్‌కు అప్పటికప్పుడు టికెట్ కొంటే 100 యూరోలు దాటుతుంది. అక్కడ పాస్ లాభమే. కానీ సాల్జ్‌బర్గ్ నుంచి వియన్నా, వియన్నా నుంచి బుడాపెస్ట్ రెండున్నర గంటలు, అటూ ఇటుగా. ముందుగా కొంటే వీటి టికెట్లు 64 యూరోల కంటే బాగా తక్కువకే దొరుకుతాయి.

మరి ఏం చేయాలి? ఇక్కడ వీసా వచ్చే తేదీయే తేలుస్తుంది. ప్రయాణానికి రెండు నెలల ముందే వీసా చేతికొస్తే, జర్మన్, ఆస్ట్రియన్ రైల్వేల డిస్కౌంట్ టికెట్లు విడిగా కొనడమే చౌక. అయితే వాటిలో చాలావరకు ఆ రైలుకే పరిమితం. బాగా చౌకవి క్యాన్సిల్ చేసినా డబ్బు రాదు. అదే వీసా ప్రయాణానికి వారం ముందు వస్తే చౌక టికెట్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. అప్పుడు పాసే దిక్కు. పాస్ ధర రోజు దగ్గర పడేకొద్దీ పెరగదు. కొన్నాక 11 నెలల్లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. యాక్టివేట్ చేయకపోతే మామూలు పాస్‌ను కొంత రుసుము పోగా రిఫండ్ కూడా చేసుకోవచ్చు. ఆఫర్‌లో కొన్న పాస్‌కి ఈ సౌకర్యం ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

పాస్ ఉన్నా జేబుకి చిల్లు.. ఎక్కడంటే?

పాస్ ఉంది కదా అని ఏ రైలు పడితే అది ఎక్కేయడం కుదరదు. ఫ్రాన్స్ టీజీవీ, స్పెయిన్, ఇటలీ హైస్పీడ్ రైళ్లు, యూరోస్టార్, నైట్ రైళ్లలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి. దానికి విడిగా డబ్బు కట్టాలి. టీజీవీలో 10 నుంచి 20 యూరోలు, యూరోస్టార్‌లో 30 యూరోలకు పైనే. పైగా పాస్ ఉన్నవాళ్లకు కేటాయించే సీట్లు పరిమితం. సీజన్‌లో త్వరగా అయిపోతాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లో మాత్రం చాలా రైళ్లకు రిజర్వేషన్ అక్కర్లేదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఈ దేశాల రూట్ కలిసొచ్చేది అందుకే.

ఇటలీలో ఇటాలో, ఫ్రాన్స్‌లో ఊయిగో రైళ్లలో ఈ పాస్ చెల్లదు. సిటీల్లో మెట్రో, ట్రామ్, బస్సులకు కూడా విడిగా టికెట్ తీసుకోవాలి. ఒక్క లక్సెంబర్గ్‌లో మాత్రం 2020 నుంచి బస్సులు, ట్రామ్‌లు, సెకండ్ క్లాస్ రైళ్లు అందరికీ ఉచితం.

14 రోజులకు మొత్తం ఎంతవుతుంది?

ఒక్కరికి ఉదాహరణ లెక్క ఇది. హాస్టల్ డార్మ్‌లో బెడ్ సగటున రోజుకు 35 యూరోలు అనుకుంటే 490. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది, బుడాపెస్ట్‌లో తగ్గుతుంది. రైల్ పాస్ 320. తిండికి రోజుకు 25 చొప్పున 350. సిటీ బస్సులు, మెట్రోలకు రోజుకు 8 చొప్పున 112. మ్యూజియంలు, కోటల టికెట్లకు 150. టూరిస్ట్ ట్యాక్స్, లాకర్లు, టాయిలెట్లు లాంటి చిల్లర ఖర్చులకు 40. మొత్తం 1,462 యూరోలు. అత్యవసరానికి 10 శాతం పక్కన పెడితే 1,600 దాటుతుంది. యూరోను 105 రూపాయలుగా వేసుకుంటే దాదాపు లక్షా 69 వేలు. విమానం, వీసా, ఇన్సూరెన్స్ దీనికి అదనం.

ఈ లెక్కలో చాలామంది మర్చిపోయేది టూరిస్ట్ ట్యాక్స్. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి గది అద్దె మీద 12.5 శాతం వసూలు చేస్తున్నారు. బుకింగ్ సైట్‌లో కనిపించిన ధరలో ఇది కలిసి ఉందో లేదో చూసుకోవాలి. జర్మనీ, ఆస్ట్రియాలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. శనివారమే సరుకులు కొనుక్కోకపోతే హోటల్ బిల్లు పేలిపోతుంది. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లలోని షాపులు తెరిచే ఉంటాయి.

కార్డు గీకేటప్పుడు మెషిన్ "రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా" అని అడుగుతుంది. రూపాయలు చూడగానే సంబరపడి నొక్కేస్తే నష్టమే. ఆ మార్పిడి రేటు దుకాణం వైపు సంస్థ వేసేది, సాధారణంగా బ్యాంకు రేటు కంటే ఎక్కువ పడుతుంది. ఎప్పుడూ యూరోలే ఎంచుకోవాలి. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డుల మీద విదేశీ లావాదేవీకి చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం, దానిపై జీఎస్టీ తీసుకుంటాయి. ఫారెక్స్ కార్డుతో పోల్చి చూసుకోవడం మేలు. హంగరీలో యూరో కరెన్సీ కాదు, ఫోరింట్ అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

బ్యాగ్ ఎంత బరువుండాలి?

విమానంలోలా రైల్లో బ్యాగ్ తూకం వేయరు. కానీ మోయాల్సింది మాత్రం ఎవరి బ్యాగ్ వాళ్లే. మన స్టేషన్లలోలా కూలీలు ఉండరు. రైలు మారడానికి 8, 10 నిమిషాలే టైమ్ ఉన్నప్పుడు, ప్లాట్‌ఫామ్ మారితే మెట్లెక్కి పరిగెత్తాలి. పాత నగరాల్లో రాళ్లు పరిచిన వీధుల్లో ట్రాలీ చక్రాలు మొరాయిస్తాయి. బరువెక్కువైతే ట్యాక్సీ పిలవాల్సి వస్తుంది, స్టేషన్‌లో పెద్ద లాకర్ తీసుకోవాల్సి వస్తుంది. అంటే బ్యాగ్ బరువు కూడా బడ్జెట్టే.

35 నుంచి 40 లీటర్ల బ్యాగ్, లోపల 7, 8 కిలోల సామాను చాలు. 14 రోజులకు 14 జతలు అక్కర్లేదు. ఐదు జతలు సర్దుకుని మధ్యలో ఉతుక్కోవాలి. ఒక మందపాటి కోటు కంటే పల్చటి టీషర్ట్, స్వెటర్, వాన జాకెట్.. ఇలా ఒకదానిపై ఒకటి వేసుకునేవి మంచివి. బూట్లు కొత్తవి వద్దు. కనీసం రెండు వారాలు వేసుకుని నడిచి, కాలికి అలవాటైనవే తీసుకెళ్లాలి. హాస్టల్ లాకర్‌కి తాళం చాలాచోట్ల ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. త్వరగా ఆరే టవల్, చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ కూడా ఉండాలి.

కరెంట్ అక్కడా 230 వోల్టులే కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు. మన సన్న రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ చాలాచోట్ల నేరుగా పడుతుంది. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్‌కి మాత్రం అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంక్ విమానంలో చేతి బ్యాగ్‌లోనే ఉండాలి. మందులు స్ట్రిప్‌తో సహా, డాక్టర్ చీటీతో పెట్టుకోవాలి.

పాస్‌పోర్ట్ మాత్రం ఎప్పుడూ ఒంటి మీదే. షెంజెన్ లోపల బోర్డర్లు ఉండవంటారు గానీ, జర్మనీ 2024 సెప్టెంబర్‌లో తన అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు మొదలుపెట్టింది. రైల్లో పోలీసులు అడగొచ్చు. పాస్ చూపించేటప్పుడు టికెట్ కలెక్టర్ కూడా అడుగుతారు.

పచ్చళ్ల సంగతేంటి?

ఇంట్లో అమ్మ ప్యాక్ చేసి ఇచ్చే వాటిలో కొన్నింటికి అక్కడ అనుమతి లేదు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల ఉత్పత్తులు తీసుకెళ్లకూడదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. పచ్చి కరివేపాకు, మామిడి పండ్ల లాంటివి కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి తీసుకెళ్లొచ్చు. అయితే చెక్-ఇన్ లగేజీలో వేయడం మంచిది. పచ్చడి 100 మిల్లీలీటర్లు దాటితే క్యాబిన్‌లోకి రానివ్వరు. కిచెన్ ఉన్న హాస్టల్ దొరికితే అన్నం వండుకుని కందిపొడి కలుపుకుంటే రోజుకి ఒక పూట భోజనం ఖర్చు మిగిలినట్టే.

అక్కడే చదువుకునేవాళ్లకు రూల్ వేరు

జర్మనీ లాంటి దేశాల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులు కొనాల్సింది యూరేల్ కాదు, ఇంటర్‌రైల్ పాస్. అది యూరప్‌లో నివసించేవాళ్ల కోసం. అయితే నివసించే దేశంలో రెండు ప్రయాణాలకే వాడుకోవచ్చు.. బయటకు వెళ్లేటప్పుడు ఒకటి, తిరిగొచ్చేటప్పుడు ఒకటి. జర్మనీ లోపల తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, మెట్రోలకు చెల్లుతుంది, ఐసీఈ హైస్పీడ్ రైళ్లకు చెల్లదు. బ్రిటన్, ఐర్లాండ్‌లో చదివేవాళ్లు మాత్రం అక్కడి వీసా ఉంది కదా అని బయల్దేరకూడదు. ఆ రెండూ షెంజెన్‌లో లేవు. వాళ్లు కూడా విడిగా షెంజెన్ వీసా తీసుకోవాల్సిందే.

మొత్తంగా వరుస ఇదీ. ముందు పాస్‌పోర్ట్ గడువు చూసుకోవాలి. తర్వాత రూట్, రాత్రుల లెక్క వేసుకుని ఏ దేశానికి అప్లై చేయాలో తేల్చుకోవాలి. క్యాన్సిల్ చేసుకోగల బుకింగ్‌లతో వీసాకు వెళ్లాలి. స్టాంప్ పడ్డాకే విమానం టికెట్, ఆ తర్వాత పాస్ లేదా రైలు టికెట్లు. ధరలు, రూల్స్ తరచూ మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఆయా దేశాల ఎంబసీ, రైల్వే అధికారిక వెబ్‌సైట్లలో ఒకసారి సరిచూసుకోవడం మర్చిపోవద్దు.