కొవ్వొత్తికి వేడిగాలి – ఏ గన్ కొనాలి?

దసరా సెలవుల్లో మా అన్న సంతలో అమ్ముదామని కొవ్వొత్తులు పోశాడు. చల్లారాక చూస్తే ప్రతిదానికీ వత్తి చుట్టూ గుంట! మైనం చల్లారితే ముడుచుకుంటుంది. అంచులు ముందు గట్టిపడతాయి, నడుమ ఆఖర్న. అందుకే గుంట అక్కడే పడుతుంది. దాన్ని కరిగించి చదును చేయడానికి హీట్ గన్ కొంటానన్నాడు. ఏది కొనాలో సైన్సు సారుని అడిగి రాస్తున్నాను.

హీట్ గన్ అంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌కి పెద్దన్న లాంటిది. మామూలు పారఫిన్ మైనం 50 నుంచి 65 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. గన్ గాలేమో 500 డిగ్రీలు కూడా దాటగలదు! అందుకని వేడి తగ్గించుకునే మీట ఉన్నదే తీసుకోవాలి. గాలి కూడా మెల్లగా రావాలి, లేకుంటే కరిగిన మైనం చేతుల మీదికి చిమ్ముతుంది.

అసలు సంగతి కరెంటు. 2000 వాట్ల గన్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యానుకి వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లదే. దాంట్లో పెడితే ప్లగ్గు, వైరు వేడెక్కి కాలిపోతాయి. మా ఇంట్లో పెద్ద ప్లగ్గు లేనే లేదు. (ఆదివారం నన్ను చూడటానికొచ్చినప్పుడు ఇది చెబితే అన్న మొహం మాడ్చుకున్నాడు.)

మైనం కరిగించడానికి మాత్రం గన్ వద్దు. నీళ్లు కాగే గిన్నెలో మైనం గిన్నె పెట్టాలి. మైనం అంటుకుంటే నీళ్లు పోయకండి, భగ్గున లేస్తుంది. పొయ్యి ఆపి మూత పెట్టెయ్యండి.

గన్ లేకున్నా పని జరుగుద్ది. కొంచెం మైనం అట్టేపెట్టుకుని, గుంట పడ్డాక మళ్లీ కరిగించి అందులో పోయడమే. దీపావళికి అన్న అలాగే పోస్తున్నాడు.