సముద్రం దారిస్తేనే దర్శనం!

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్‌కి వెళ్లాలంటే ముందుగా చూసుకోవాల్సింది సెలవులు కాదు, ఆటుపోట్ల పట్టిక. దాదాపు 1,400 ఏళ్ల కిందట అక్కడ మొదలైన మఠం ఇప్పుడు కప్పులేని గోడలుగా మిగిలింది. ఆ దీవి కొలిచిన మహనీయుడి దేహం ఒక ఊళ్లో ఉంది. అక్కడే రాశారని చెప్పే అపురూప గ్రంథం మరో ఊళ్లో ఉంది. అయినా యాత్రికులు వస్తూనే ఉన్నారు. కొందరైతే చక్కని తారురోడ్డు పక్కనే ఉన్నా, చెప్పులు చేతపట్టుకుని బురదలో నడిచి మరీ వెళ్తున్నారు!

రోజుకు రెండుసార్లు అది దీవి. రెండుసార్లు కాదు. పోటు వచ్చినప్పుడు చుట్టూ నీళ్లే. ఆటు మొదలై సముద్రం వెనక్కి వెళ్లిందా... ఇసుక మేటలు, వాటి మధ్య ఒక రోడ్డు బయటపడతాయి. అప్పటిదాకా ఒడ్డున ఆగిన కార్లు వరసగా బయల్దేరతాయి. ఏడెనిమిది గంటలయ్యాక మళ్లీ నీళ్లొచ్చి ఆ రోడ్డును మింగేస్తాయి. ఇదంతా రోజూ ఒకే వేళకు జరగదు. ఇవాళ పదింటికి తెరుచుకున్న దారి రేపు దాదాపు మరో యాభై నిమిషాలు ఆలస్యంగా తెరుచుకుంటుంది. అందుకే ఏ రోజు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా దాటొచ్చో స్థానిక కౌన్సిల్ ముందుగానే ప్రకటిస్తుంది.

అయినా ఏటా ఎవరో ఒకరు 'ఐదు నిమిషాలే కదా' అనుకుని కారును ముందుకు పోనిస్తారు. మధ్యలో ఇంజన్ ఆగిపోతుంది. నీళ్లు కిటికీల దాకా వస్తాయి. అలాంటివారి కోసమే దారి పక్కన ఎత్తయిన స్తంభాల మీద, మన చేలల్లో మంచెల్లాంటి చిన్న గదులు కట్టారు. నిచ్చెనెక్కి అందులో కూర్చుంటే ప్రాణానికి ఢోకా లేదు. కళ్లముందే కారు మునిగిపోతుంటే చూస్తూ సహాయక బృందం కోసం ఎదురుచూడటమే పని. 'రేపు ఇది మీరే కావచ్చు' అన్నట్టుగా, నీళ్లలో మునిగిన కారు బొమ్మతో ఒక హెచ్చరిక బోర్డు కూడా పెట్టారు. రోడ్డు వేసింది 1954లో. అంతకుముందు శతాబ్దాలపాటు ఇసుకలో నడకో, గుర్రబ్బండో, పడవో... అంతే.

గుర్రం వద్దన్న గురువు

ఏడో శతాబ్దంలో ఈ ప్రాంతం నార్తంబ్రియా రాజ్యంలో ఉండేది. రాజు ఆస్వాల్డ్ చిన్నతనంలో ప్రవాసంలో ఉండి, స్కాట్లండ్ పడమటి తీరంలోని ఐయోనా దీవి సన్యాసుల ప్రభావంతో క్రైస్తవుడయ్యాడు. సింహాసనం దక్కాక తన ప్రజలకు బోధించడానికి ఒకరిని పంపమని వాళ్లనే అడిగాడు. మొదట వచ్చినాయన కటువుగా ఉండటంతో జనం దగ్గరకు రాలేదు. ఆయన తిరిగి వెళ్లిపోయాక, 635లో ఐడన్ వచ్చాడు. ఎక్కడ ఉంటావని అడిగితే ఆయన కోరుకున్నది ఈ దీవినే. రాజకోట బామ్‌బరో ఇక్కడినుంచి కనుచూపు మేరలోనే ఉంటుంది. అలాగని ఎప్పుడంటే అప్పుడు రాకపోకలు సాగవు. ఇటు రాజు అండ, అటు ఏకాంతం... రెండూ దక్కాయి.

ఐడన్‌కి అక్కడి భాష అంతగా రాదు. ఆయన బోధిస్తుంటే రాజే పక్కన నిలబడి తన పరివారానికి అనువదించి చెప్పేవాడని చరిత్రకారుడు బీడ్ 731లో పూర్తిచేసిన గ్రంథంలో రాశాడు. ఐడన్ ఎంత దూరమైనా నడిచే వెళ్లేవాడు. గుర్రమెక్కితే దారిలో ఎదురైన పేదవాడితో మాట కలపడం కుదరదుగా! మరో రాజు ఆస్విన్ ఒకసారి ఆయనకు మేలుజాతి గుర్రాన్ని కానుకగా ఇచ్చాడు. దారిలో ఓ బిచ్చగాడు చెయ్యి చాపితే, జీనూ అలంకారాలతో సహా దాన్ని దానమిచ్చేశాడు. రాజుకు కోపమొచ్చింది. దేవుడి బిడ్డకన్నా గుర్రం ఎక్కువా అని ఐడన్ అడిగేసరికి తలదించుకుని ఆయన కాళ్లదగ్గర మోకరిల్లాడట.

బాతులకు కాపలా

651లో ఐడన్ కన్నుమూశాడు. ఆ రాత్రి కొండల్లో గొర్రెలు కాస్తున్న ఓ కుర్రాడికి ఆకాశంలో వెలుగు కనిపించిందనీ, మర్నాడే మఠానికి బయల్దేరాడనీ కథ. ఆ కుర్రాడే కత్‌బర్ట్. తర్వాత ఇక్కడి మఠానికి పెద్దయ్యాడు. కానీ ఆయన మనసంతా ఏకాంతం మీదే. మొదట దీవి అంచున, పోటు వేళ విడిపోయే ఓ చిన్న రాతిదిబ్బ మీదికి వెళ్లి ప్రార్థన చేసుకునేవాడని చెబుతారు. అదీ చాలక 676లో సముద్రంలో దూరంగా ఉన్న ఇన్నర్ ఫార్న్ దీవికి మకాం మార్చాడు. ఆకాశం తప్ప మరేమీ కనిపించకుండా చుట్టూ ఎత్తయిన గోడ కట్టుకున్నాడు.

అక్కడ గూళ్లు పెట్టుకునే ఈడర్ బాతుల జోలికి ఎవరూ పోకూడదని ఆయన కట్టడి చేశాడంటారు. ఇప్పటికీ ఆ ప్రాంతంలో వాటిని 'కడ్డీ బాతులు' అని ఆయన ముద్దుపేరుతోనే పిలుస్తారు. బిషప్‌గా ఎన్నుకున్నా ఆ దీవి వదిలి రానన్నాడు. చివరికి రాజే పడవెక్కి వెళ్లి బతిమాలాల్సి వచ్చింది. 685లో పదవి చేపట్టి, రెండేళ్లు నిండకుండానే తిరిగి తన రాతిదీవికి చేరాడు. 687 మార్చి 20న అక్కడే చనిపోయాడు. దగ్గరున్న సన్యాసుల్లో ఒకరు రెండు చేతుల్లో రెండు దీపాలు పట్టుకుని మెరక మీద నిలబడ్డారు. లిండిస్‌ఫార్న్‌లో కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నవాళ్లకు అదే కబురు.

దేహాన్ని మఠంలో సమాధి చేశారు. పదకొండేళ్లకు, 698లో, ఎముకల్ని వేరే పేటికలో భద్రపరుద్దామని తెరిచారు. దేహం చెక్కుచెదరకుండా ఉందన్న వార్త దేశమంతా పాకింది. చిన్న దీవి పెద్ద పుణ్యక్షేత్రమైంది.

దూడతోలు మీద రంగుల తివాచీ

కత్‌బర్ట్ స్మృతిలోనే ఒక మహా గ్రంథం పుట్టిందని పండితుల అభిప్రాయం. అవే లిండిస్‌ఫార్న్ సువార్తలు. వందకు పైగా దూడల తోళ్లను పల్చగా గీకి పుటలు చేశారు. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్లలో బిషప్ ఈడ్‌ఫ్రిత్ ఒక్కడే నాలుగు సువార్తలనూ లాటిన్‌లో రాసి బొమ్మలు వేశాడని చెబుతారు. కొన్ని పుటల్లో అక్షరమే ఉండదు. మెలికలు తిరిగిన పక్షులూ జంతువులూ, మధ్యలో శిలువ... అచ్చం నేసిన తివాచీలా ఉంటాయి. రెండొందల యాభై ఏళ్ల తర్వాత ఆల్డ్రెడ్ అనే మతాచార్యుడు ప్రతి లాటిన్ మాట మీదా సన్నటి అక్షరాలతో ఆనాటి ఇంగ్లిషు అర్థం రాశాడు. ఇంగ్లిషులో ఇప్పటిదాకా మిగిలిన సువార్తల అనువాదాల్లో అతి పాతది అదే!

ఓడలొచ్చిన రోజు

793 జూన్ 8. సముద్రం నుంచి నార్వే, డెన్మార్క్ ప్రాంతాల దోపిడీదారులు విరుచుకుపడ్డారు. వాళ్లే వైకింగులు. సముద్రమే కోటగోడ అనుకున్న సన్యాసులకు, ఆ సముద్రమే దారి అయింది శత్రువుకి. కొందరిని నరికారు. కొందరిని నీట ముంచారు. కొందరిని బానిసలుగా పట్టుకెళ్లారు. ఐరోపా అంతా ఉలిక్కిపడింది. అంతటి పుణ్యస్థలాన్నే దేవుడు కాపాడకపోతే ఇక మనకు దిక్కెవరని జనం కలవరపడ్డారు. చరిత్రకారులు వైకింగ్ యుగాన్ని ఈ దాడితోనే మొదలుపెడతారు. కత్తులూ గొడ్డళ్లూ ఎత్తి నడుస్తున్న యోధుల్ని చెక్కిన తొమ్మిదో శతాబ్దపు రాయి ఒకటి ఇక్కడి మ్యూజియంలో ఉంది.

అయినా సన్యాసులు వెంటనే పారిపోలేదు. మరో ఎనభై ఏళ్లు అక్కడే ఉన్నారు. దాడుల భయం మళ్లీ పెరిగాక 875లో కత్‌బర్ట్ శవపేటికను భుజాలకెత్తుకుని బయల్దేరారు. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగారు. మధ్యలో ఓసారి సువార్తల గ్రంథం సముద్రంలో పడిపోయిందనీ, నీళ్లు తీశాక ఇసుకలో భద్రంగా దొరికిందనీ ఓ కథ ప్రచారంలో ఉంది. చివరికి 995లో పేటిక డరమ్ చేరింది. అక్కడి మహా దేవాలయం కత్‌బర్ట్ సమాధి చుట్టూ వెలసిందే. గ్రంథం ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 2013లో డరమ్‌లో, 2022లో న్యూకాజిల్‌లో ప్రదర్శనకు తెచ్చినప్పుడు ఈశాన్య ఇంగ్లండ్ ప్రజలు మళ్లీ దాన్ని దగ్గరగా చూడగలిగారు.

దీవిలో మిగిలింది ఆ ప్రయాణం జ్ఞాపకమే. సెయింట్ మేరీ చర్చిలోకి అడుగుపెడితే శిల్పి ఫెన్విక్ లాసన్ చెక్కిన నిలువెత్తు చెక్క విగ్రహాలు కనిపిస్తాయి. ఆరుగురు సన్యాసులు, వాళ్ల భుజాల మీద ఓ శవపేటిక. ఇల్లు వదిలి పోవాల్సి వచ్చిన మనుషులు తమకు అన్నిటికన్నా విలువైనదాన్ని మోసుకెళ్తున్న దృశ్యమది.

దిల్లీకి ఓ చుట్టరికం

పన్నెండో శతాబ్దంలో డరమ్ సన్యాసులు తిరిగొచ్చి కొత్త మఠం కట్టారు. ఎనిమిదో హెన్రీ రాజు హయాంలో, 1537లో అదీ మూతపడింది. దాని రాళ్లు కొన్ని పక్కనే కొండగుట్ట మీద కోట కట్టడానికి ఉపయోగపడ్డాయి. ఇప్పుడు మఠంలో మొండిగోడలూ, మధ్యలో ఇంద్రధనుస్సులా వంగిన ఒకే ఒక్క రాతి కమానూ కనిపిస్తాయి. పై కప్పంతా కూలినా ఆ ఒక్కటీ అలా నిలబడే ఉంది!

కోటకు మాత్రం మన దేశంతో ఓ చుట్టరికం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఓ పత్రికాధిపతి దాన్ని తీసుకుని విడిదిగా మార్చే పని ఎడ్విన్ లుట్యెన్స్‌కి అప్పగించాడు. ఆ తర్వాత మన రాష్ట్రపతి భవన్‌కి రూపమిచ్చింది ఆయనే. ఇరుకైన రాతి కోటను సముద్రపు గాలి మధ్య హాయైన ఇల్లుగా మార్చిన చెయ్యే, దిల్లీలో అంతటి భవనాన్ని గీసిందన్నమాట.

చర్చి ఆవరణలో మరో సరదా ఆచారం ఉంది. పెళ్లయిన వెంటనే నవవధువు అక్కడి ఓ పాత రాతిని దూకాలి. ఊరి పెద్దలిద్దరు చెరోవైపు చెయ్యందిస్తారు. తొట్రుపడకుండా దూకితే కాపురం చల్లగా ఉంటుందని నమ్మకం.

బురదలో శిలువ యాత్ర

రోడ్డుకు కాస్త దూరంలో ఇసుకలో పాతిన గుంజల వరస ఒకటి కనిపిస్తుంది. అదే పాత యాత్రికుల దారి. ఐదు కిలోమీటర్లలోపే. కానీ ఇసుక, నీటి మడుగులు, చీలమండల దాకా దిగబడే బురద కలిసి రెండు గంటల దాకా నడిపిస్తాయి. నీళ్లు తీస్తున్నప్పుడే బయల్దేరి, ఆటు ముగిసేలోపు అవతలి గట్టు చేరాలి. ఏటా గుడ్‌ఫ్రైడే నాడు వారం రోజులుగా వేర్వేరు ఊళ్ల నుంచి నడిచొస్తున్న బృందాలు పెద్ద చెక్క శిలువలు భుజాన వేసుకుని ఈ దారినే దీవి చేరతాయి. 1970ల నుంచీ సాగుతున్న యాత్ర ఇది. శిలువ బరువుకు ఒకరు అలిసిపోతే మరొకరు భుజం మారుస్తారు. కత్‌బర్ట్ పేటికను మోసినవాళ్లూ అలాగే మార్చుకుని ఉంటారు.

దీవిలో ఉండేది రెండు వందల మంది లోపే. వచ్చేవాళ్లు ఏటా ఆరు లక్షల పైమాటేనని అంచనా. వేసవి మధ్యాహ్నం వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. ఆ తాకిడి వల్ల ఊరికి ఉపాధి దొరుకుతోంది. అదే లేకపోతే ఊరే ఉండదు. అదే ఇంకా పెరిగితే యాత్రికులు వెతుక్కుంటూ వచ్చే నిశ్శబ్దమే ఉండదు. ఈ పేచీని రోజూ తీర్చేది సముద్రమే. పోటు వేళ దగ్గరపడగానే కార్లన్నీ తిరుగుముఖం పడతాయి. రోడ్డు మునిగిపోతుంది. రాత్రికి అక్కడే ఆగినవాళ్లకు అసలు దీవి అప్పుడు కనిపిస్తుంది. ఇసుక మేటల మీద సీల్ జంతువులు పాట పాడినట్టు మూలుగుతాయి. చలికాలమైతే ఉత్తరధ్రువ ప్రాంతం నుంచి వలస వచ్చిన బాతుల అరుపులు వినిపిస్తాయి.

దేహం లేదు, గ్రంథం లేదు, మఠానికి కప్పూ లేదు. దోచుకోవడానికి వీల్లేనిది ఒక్కటే మిగిలింది... దారి. అది కూడా సముద్రం ఇచ్చినప్పుడే. అంతదాకా రాజైనా, బిచ్చగాడైనా ఒడ్డున కూర్చుని ఎదురుచూడాల్సిందే!

ఎలా వెళ్లాలి?

లండన్ కింగ్స్‌క్రాస్ నుంచి ఎడిన్‌బరో వెళ్లే రైళ్లలో బెర్విక్ అపాన్ ట్వీడ్ స్టేషన్‌లో దిగాలి. ప్రయాణం నాలుగు గంటల లోపే. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, చూసుకుని ఎక్కాలి. అక్కడినుంచి దీవి దాదాపు 20 కిలోమీటర్లు. బస్సు వేళలు ఆటుపోట్లను బట్టి మారుతుంటాయి.

నడక ఇష్టమున్నవారికి స్కాట్లండ్‌లోని మెల్‌రోజ్ నుంచి సెయింట్ కత్‌బర్ట్స్ వే ఉంది. 1996లో ప్రారంభమైన ఈ బాట పొడవు దాదాపు 100 కిలోమీటర్లు. చివరి మజిలీ ఈ దీవే.

ఇసుకదారిలో వెళ్లాలనుకుంటే దారి తెలిసినవారి తోడు తప్పనిసరి. వేళలు ప్రకటించిన పట్టిక చూడకుండా నడకైనా, కారైనా అడుగు ముందుకు వేయకూడదు.