వీణ అంచుకు రంగంటకుండా

ఇంట్లో పాత వీణ వున్న పాఠకులకు అనుభవంమీద ఒక మాట చెప్పదలచుకున్నాను. వీణకు రంగు వేయటం తేలికే. దాని తెల్లని అంచును తెల్లగా వుంచటమే కష్టం.

మాది రాయగడ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు కొరాపుట్టు సీమ అందులో చేరింది. 1992లో రాయగడ ప్రత్యేక జిల్లా అయింది. ఎల్లలు మారినా రైలుదారి మారలేదు గదా! పార్వతీపురం దాటితే బొబ్బిలి. అందుచేత మనవారి యిళ్ళలో వీణ అంటే బొబ్బిలి వీణే.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశంవారు తరతరాలుగా ఈ పనిలో వున్నారు. ఒకే పనసమానులో కుండ, దండి తొలిచి, మైనంమీద 24 మెట్లు నిలుపుతారు. అంచులకు, నగిషీకి వెనుక దంతం వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోను, 1991లోను సవరణలు వచ్చి దంతం వ్యాపారం నిషిద్ధమయింది. ఇప్పుడు తెల్లని ప్లాస్టిక్కే గతి.

మా అమ్మ పెళ్ళినాటి వీణకు అట్లాంటి ప్లాస్టిక్కు అంచే వున్నది. అమ్మ వేళ్ళు బిగుసుకుపోయి వాయించటం మానింది. దసరాకు మా అమ్మాయి వాయిస్తుందని నేనే ఉత్సాహపడి, బజారులో స్పిరిటు రంగు కొని కుంచెతో పూశాను. అంచంతా గోధుమ మచ్చలు! స్పిరిటు గుడ్డతో తుడిస్తే రంగు మరింత పాకింది. అమ్మ అంచుమీద వేలు పోనిచ్చి, "పోనీలేరా, మోగుతుందిగా" అన్నది. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాను.

వీణ దుప్పటిలో చుట్టి గొల్లపల్లి తీసుకుపోయాను. ఒక పెద్దాయన చూసి నవ్వి, "గీతల్లోకి దిగిన రంగు తుడిస్తే పోదు బాబూ, గీకాలి" అన్నాడు. బ్లేడు నిలువుగా పట్టి, గోరు అంచుకు ఆనించి, మెల్లగా లాగాడు. పొరలాంటి తొక్క లేచి అడుగున తెలుపు కనిపించింది. ఒకచోట మాత్రం లోతైన గీత. "ఇంకా గీస్తే అంచు పల్చబడి వూడుతుంది" అని అక్కడ ఆపేశాడు.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. ముందు నూనె, మైనం జిడ్డు తుడవాలి. తెల్ల లక్క వార్నిషు సన్నని కుంచెతో అంచుకు మాత్రమే రెండు పూతలు వేసి ఆరనివ్వాలి, గీతలు పూడుకుంటాయి. కర్రమీద పడితే అక్కడ రంగు పట్టదు. పైన నీటిలో కలిపే రంగే వాడాలి. స్పిరిటు రంగు లక్కను కరిగిస్తుంది. థిన్నరు ప్లాస్టిక్కును మెత్తబరుస్తుంది గనుక దగ్గరకు రానీయరాదు. రంగును పిండిన గుడ్డతో నడుమనుంచి మొదలుపెట్టి, అంచు వెంబడి పూయాలి గాని అంచుకు అడ్డంగా కాదు. ఆరిన తర్వాత మిగిలిన మరకను బ్లేడుతో తీసి, చివర మొత్తానికి రంగులేని పాలిషు. గిటారు చేసే పాశ్చాత్యులు కూడా తెల్లని అంచును ఇట్లాగే గీకి శుభ్రపరుస్తారు.

దసరాకు మా అమ్మాయి వాయించింది. ఆ ఒక్క మచ్చ అట్లాగే వున్నది. వచ్చినవారికి అమ్మ దాన్ని చూపించి, "ఇది మావాడి సంతకం" అంటూ వుంటుంది.